తూకపు చదువు

ఇంజనీరింగు పట్టము చేతికి వచ్చిన యువకుడు పఠనమందిరమున అడుగుపెట్టినతోడనే అడుగు ప్రశ్న యొకటి కలదు: “పై చదువుల ప్రవేశపరీక్షకు ఏ విషయములు చదువవలెను?” ప్రశ్న న్యాయమైనదే. కాని నేడు అంగడిలో దీనికి దొరకుచున్న సమాధానము వేరు. ఏవి చదువవలెనో చెప్పువారు కొలది. ఏవి మానవచ్చునో చెప్పువారు మెండు. “ఈ అధ్యాయమునుండి ఏటికి ఒక్క మార్కే వచ్చుచున్నది, దీనిని విడువుము, ఆ అధ్యాయమునుండి పది వచ్చుచున్నవి, దానినే పట్టుకొనుము” అని శాస్త్రములను త్రాసులో పెట్టి, వంకాయలను తూచినట్లు తూచి అమ్ముచున్నారు. ఈ తూకమునకు వెయిటేజీ యని పేరు. గోడలమీద ఆ పేరే, పత్రికల ప్రకటనలలో ఆ పేరే. తండ్రి పొలము తాకట్టు పెట్టి తెచ్చిన రూపాయలు ఈ తూకపు కూలిక్రింద చెల్లిపోవుచున్నవి. ఈ తూకపు చదువు పరీక్షార్థికి నష్టమనియు, దేశమునకు అంతకంటె పెద్ద నష్టమనియు మా నిశ్చితాభిప్రాయము. దానిని హేతువులతో నిరూపించుటకే ఈ వ్యాసము.

ముందుగా పరీక్షల స్వరూపమును స్పష్టపరచుకొందము. దేశమంతటికిని గేట్ అను పరీక్ష యొకటి కలదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞానసంస్థయు, ఏడు ఐ.ఐ.టి.లును కలిసి దీనిని నడుపుచున్నవి; ఏటికొక సంస్థ నిర్వహణభారము వహించును. మూడు గంటల కాలము, 65 ప్రశ్నలు, 100 మార్కులు. ఇందు సంపాదించిన స్కోరు మూడేండ్లు చెల్లును. ఇదిగాక మన రెండు తెలుగు రాష్ట్రములును వేరువేరుగా పీజీఈసెట్ పరీక్షలు పెట్టుచున్నవి. అందు 120 ప్రశ్నలు, 120 మార్కులు, రెండు గంటల కాలము. ఎం.టెక్., ఎం.ఆర్క్., ఎం.ప్లాన్. తరగతులకు ఈ ద్వారముననే ప్రవేశము. ఐనను గేట్ అర్హతగలవారికి సీట్ల పంపకమున ముందువరుస లభించును. ప్రభుత్వరంగ సంస్థలు పెక్కు ఉద్యోగములకు సైతము గేట్ స్కోరునే చూచుచున్నవి. కావున ఎవరు ఏ ద్వారమున పోదలచినను గేట్ విషయపట్టికను ముందుంచుకొని చదువుట మేలు. ఆ పట్టిక రహస్యపత్రము కాదు. నిర్వహించు సంస్థయే దానిని ఉచితముగా ప్రకటించుచున్నది. పూర్వపు ప్రశ్నపత్రములను గూడ ప్రకటించుచున్నది. అందరి యెదుట నున్న వస్తువును తిరిగి మూటగట్టి అమ్ముటయే తూకపు వర్తకులు చేయుచున్న మొదటి వింత.

రెండవ వింత లెక్కలో కలదు. వారి త్రాసునే మనమును చేతబట్టి చూతము. ఇంజనీరింగు పత్రములలో అధికభాగము ఇట్లు విభక్తమై యున్నవి: సామాన్యప్రజ్ఞకు 15 మార్కులు, గణితమునకు 13, ఆయా శాఖావిషయములకు 72. మొదటి రెండును కూడిన 28. అనగా నూటికి ఇరువదియెనిమిది మార్కులు “ఇది మన సబ్జెక్టు కాదు” అని మన యువకులు ప్రక్కకు నెట్టుచున్న భాగమునందే యున్నవి. భాషను చక్కగా గ్రహించుట, లెక్కను తప్పులేక చేయుట, పటమును చూచి అర్థము తీయుట, హేతువునుండి నిర్ణయమునకు సరిగా నడచుట: సామాన్యప్రజ్ఞ యనగా ఇంతే. పట్టభద్రునికి ఇవి వేరుగా నేర్పవలసి వచ్చుటయే మన విద్యావిధానముపై ఒక తీర్పు. తూకము నమ్మినవాడు తూకము ప్రకారమైనను ముందుగా ఈ 28 మార్కులను చేజిక్కించుకొనవలెను గదా! అదియు చేయడు. కఠినమని తోచినదానిని వదలుకొనుటకు తూకమును సాకుగా వాడుకొనును, అంతియే.

మూడవ వింత ప్రశ్నల రీతిలో కలదు. గేట్ నందు ఇచ్చిన నాలుగు సమాధానములలో ఒకటి ఏరుకొను ప్రశ్నకు తప్పు వ్రాసినచో మార్కు కోతపడును: ఒక మార్కు ప్రశ్నకు మూడవ వంతు, రెండు మార్కుల ప్రశ్నకు మూడింట రెండు వంతులు. ఇవిగాక సమాధానములేవియు ఈయక, లెక్కకట్టి సంఖ్యను నింపుమను ప్రశ్నలు కలవు. 2021 నుండి, సరియైన సమాధానములు ఒకటికి మించి యుండగల ప్రశ్నలు గూడ చేరినవి. ఈ రెండు తెగలకును కోత లేదు. కాని ఊహించి వ్రాయుటకును చోటు లేదు. తెలిసినవాడు గట్టెక్కును, తెలియనివాడు నిలిచిపోవును. అడ్డదారిని మూయుటకే పరీక్షకులు ఈ కంచె కట్టిరి. కట్టిన కంచెకు కన్నము ఎక్కడనో చూపుదుమని ప్రకటించుకొనువారికి రుసుము చెల్లించుట ఏమి వివేకము?

ఐనను ఇంతవరకు చెప్పినది లాభనష్టముల మాట. ఇంతటితో ఆగినచో మేమును త్రాసు పట్టినవారలమే యగుదుము. అసలు వాదము ఇకమీదట.

ఇంజనీరు ఏమేమి తెలిసియుండవలెనని మన పూర్వులు తలచిరో చెప్పు శాసనమొకటి మన గడ్డమీదనే కలదు. కడప మండలమున పోరుమామిళ్ల యను ఊర గొప్ప చెరువున్నది. విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించి 1369వ సంవత్సరమున సంస్కృతమున ఒక శిలాశాసనము వేయించెను. రోజునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టినదని అందు వ్రాసియున్నది. శాసనమనగా రాజప్రశంసయే యని తలచువారు దీనిని చూడవలెను. మంచి చెరువునకు వలసిన పండ్రెండు అంగములను, చెరువునకు పట్టు ఆరు దోషములను అందు ఏకరువు పెట్టినారు. నీటిశాస్త్రము తెలిసిన పండితుడుండవలెను, గట్టి బంకనేల యుండవలెను, తియ్యని నీటి యేరు తగినంత దూరమునుండి రావలెను, కొండల ఆనుబాటు కావలెను, కట్ట రాతితో బిగువుగా నుండి మిక్కిలి నిడుపు కారాదు, చెరువు గర్భము విశాలమై లోతై యుండవలెను, చేరువలో నిడుపైన రాళ్ల గని యుండవలెను, పనితెలిసిన కూలిజనముండవలెను. ఇక దోషములు: కట్టనుండి నీరూరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరపై నుండుట, గర్భమధ్యమున మెట్ట, నీరు కొంచెమై ఆయకట్టు మిక్కుటమగుట, నీరు మిక్కుటమై నేల కొంచెమగుట.

చదువరులారా, ఈ పట్టికను నేటి సివిల్ పత్రపు విషయపట్టిక ప్రక్కన పెట్టి చూడుడు. నేల బలమును విచారించు సాయిల్ మెకానిక్సు అందున్నది. వానను, వరదను కొలుచు హైడ్రాలజీ అందున్నది. కట్టడపు బలము, వస్తుసామగ్రి, పనివారి నిర్వహణము అందున్నవి. రెండు రాజ్యముల పొలిమేర దోషమనుటలోని దూరదృష్టిని అంతర్రాష్ట్ర జలవివాద న్యాయాధికరణముల కాగితముల కట్టలు చూచిన న్యాయవాదులమైన మాకు ఎవరును వేరుగా వివరింపనక్కరలేదు. ఆరు వందల యేండ్ల క్రిందట ఈ పండ్రెండింటిని వ్రాసిన పండితుడు ఒక్క మాట మాత్రము వ్రాయలేదు: వీనిలో దేనికెన్ని మార్కులో వ్రాయలేదు! పదకొండు అంగములు చక్కగా నమరి పండ్రెండవది లోపించినచో పండ్రెండింట పదకొండు మార్కుల చెరువు రాదు. చెరువే రాదు.

ఆ కడప మండలముననే 2021 నవంబరు 19వ తేదీన చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట వరదకు కొట్టుకొనిపోయినది. దిగువ గ్రామములలో ఇండ్లు కూలినవి, ప్రాణములు పోయినవి. కట్టను మించి వచ్చు వరద ఎన్నేండ్లకొకమారు రాగలదు? ఆ వరదను దాటించుటకు అలుగు ఎంత యుండవలెను? దీనిని చెప్పునది హైడ్రాలజీ. ఆ హైడ్రాలజీకి వెన్నెముక గణితమునందలి సంభావ్యతాశాస్త్రము. తూకపు వర్తకుడు ముందుగా కొట్టివేయు అధ్యాయములలో ఇవి రెండును తరచుగా నుండును.

మరియొకటి చూడుడు. గోదావరిపై కాళేశ్వరము ఎత్తిపోతలలో భాగముగా కట్టిన మేడిగడ్డ బారేజికి 2019 జూనులో ప్రారంభోత్సవము జరిగినది. నాలుగేండ్ల నాలుగు నెలలకే, 2023 అక్టోబరు 21న, అందలి కొన్ని స్తంభములు క్రుంగినవి. జాతీయ ఆనకట్టల భద్రతాసంస్థ నిపుణులు పరిశీలించి, యోచనలోను, నమూనాలోను, నాణ్యతలోను, నిర్వహణలోను లోపములున్నవని తెలిపిరి. పునాదిక్రింది యిసుక నీటితోపాటు కదలిపోవుటను కారణములలో నొకటిగా పేర్కొనిరి. పోరుమామిళ్ల శాసనము చెప్పిన దోషములలో మొదటిది ఏది? నీరూరుట! క్రిందినుండి ఊరు నీరు ఇసుకరేణువులను తోడుకొనిపోవు విధమును నేటి గేట్ పట్టికలో సీపేజ్ అను శీర్షికక్రింద చదువవలసియున్నది.

మా మాటను ఎవరును వక్రింపకుందురు గాక! ఆ కట్టడములను నిర్మించిన ఇంజనీర్లు ఈ అధ్యాయములు చదువలేదని మేము అనుటలేదు. కట్టడము చెడుటకు కారణములు పెక్కు. అధికారుల తొందర, గుత్తదారుల లాభము, రాజకీయుల ముహూర్తములు అన్నియు అందు చేరగలవు. మేము చెప్పునది ఒక్కటే. నది ప్రశ్నపత్రము చూచి రాదు. ఈ యేడు సీపేజ్ నుండి రెండు మార్కులకంటె రావని నదికి ఎవరును తెలుపలేదు. పరీక్షలో విడిచిన ప్రశ్నకు సున్న పడును. నదీగర్భమున విడిచిన ప్రశ్నకు జనులు చత్తురు.

దీనికి ప్రతియైన ఉదాహరణమును గూడ మన దేశముననే చూడవచ్చును. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినది. వేలకొలది జనులు మడిసిరి. మరుసటి యేడు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఆయన నగరములో గోడ యెత్తించి చేతులు దులుపుకొనలేదు. పైన ఎంత వాన పడినది, ఎన్ని చెరువులు తెగినవి, వాగులు ఏ వేళకు ఎంత నీరు తెచ్చినవి అని నగరమునకు ఎగువనున్న పరీవాహక ప్రాంతమునెల్ల విచారించిరి. మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి రెండు జలాశయములు కట్టవలెననిరి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటతోబాటు ఊరికి త్రాగునీరు వచ్చినది. మురుగుకాలువల పద్ధతి గూడ ఆయనయే సూచించిరి. ఇందు హైడ్రాలజీ యున్నది, నిర్మాణశాస్త్రమున్నది, ఆరోగ్యశాస్త్రమున్నది, నగరయోచన యున్నది. ఆ మహనీయుడు వీనిలో ఏ యొక్కటి “మనది కాదు” అని విడిచియుండినను ఆ నగరము గతి యేమగును?

కావున ఏ విషయములు చదువవలెనను ప్రశ్నకు మా సమాధానము ఇది: పట్టికలోనివన్నియు చదువవలెను, మూలమునుండి శాఖకు వరుసగా చదువవలెను.

మూలము గణితము. లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్, డిఫరెన్షియల్ సమీకరణములు, సంభావ్యత, సంఖ్యాపద్ధతులు: ఇవి పదమూడు మార్కుల కొరకు చదువు వేరు విషయములు కావు. తక్కిన 72 మార్కులలో సైతము ఇవియే వేషము మార్చుకొని వచ్చుచుండును. ఒక్క దృష్టాంతము చాలును. లాప్లాస్ సమీకరణమని యొకటి కలదు. ఆనకట్టక్రింద నీరూరు దారిని సివిల్ విద్యార్థి దానితోనే కనుగొనును. గోడలో వేడి పరచుకొను రీతిని మెకానికల్ విద్యార్థి దానితోనే లెక్కించును. విద్యుత్‌క్షేత్రపు పొటెన్షియలును ఎలక్ట్రికల్ విద్యార్థి దానితోనే సాధించును. మూలము తెలిసినవానికి మూడు శాస్త్రములు ఒకటిగా కనబడును. తెలియనివాడు ఒక్క శాస్త్రమును మూడు మారులు బట్టీపట్టి, మూడు మారులు మరచును.

సివిల్ వారు గణితము ముగించి, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్సును, ఫ్లూయిడ్ మెకానిక్సును పట్టవలెను. మొదటిదానిపై నిర్మాణశాస్త్రము నిలుచును. రెండవదానిపై జలవనరుల శాస్త్రము నిలుచును. రెండును తెలిసిన పిదప సాయిల్ మెకానిక్సు సులభమగును. ఏలయన మన్ను, నీరు, బరువు మూడును అందు కలిసియున్నవి. పర్యావరణము, రాకపోకల మార్గములు, సర్వే కడపట చదివినను బాధలేదు గాని మానరాదు. మెకానికల్ వారు అనువర్తిత యాంత్రికశాస్త్రమును, థర్మోడైనమిక్సును రెండు స్తంభములుగా నెత్తవలెను. యంత్రముల డిజైను మొదటిదానిపై, ఉష్ణప్రసారము రెండవదానిపై ఆనుకొనును. లోహముల గుణము, వస్తూత్పత్తి ఆ పిదప. ఎలక్ట్రికల్ వారికి సర్క్యూట్లే ఓనమాలు. వానినుండి యంత్రములు, యంత్రములనుండి విద్యుద్వ్యవస్థ, వ్యవస్థనుండి దాని నియంత్రణము. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరదేశమున విద్యుజ్జాలము కూలి కోట్లాది జనులు చీకటిలో మునిగిరి. జాలములో ఒక తీగపై బరువు హెచ్చి విడివడగా తక్కినవన్నియు ఎట్లు విడివడునో ఒక్క అధ్యాయము చదివినవానికి బోధపడదు.

కంప్యూటరు శాస్త్రమువారిలో ఈ తూకపు రోగము మరింత ముదిరినది. ఉద్యోగమునకు పనికివచ్చునది ప్రోగ్రామింగు, తక్కినది పరీక్షకొరకు అను భావము వారిలో పాతుకొన్నది. ఆటోమేటా సిద్ధాంతము ఎందులకని వాదింతురు. వారు వ్రాయు ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు కంపైలరు మొట్టమొదట చేయు పని, అనగా అక్షరముల వరుసను పదములుగా విడదీయుట, ఆ ఆటోమేటాతోనే సాగుచున్నదని ఎరుగరు. డిస్క్రీట్ గణితము, డేటా స్ట్రక్చర్లు, ఆల్గారిథములు మొదట. ఆపరేటింగు వ్యవస్థలు, డేటాబేసులు, నెట్‌వర్కులు వానిమీద. పరులు చేసిన పనిముట్టును త్రిప్పువాడు కూలి. పనిముట్టును చేయువాడు శిల్పి. మన యువకులు ఎన్నాళ్లు పరదేశ సంస్థలకు కూలి చేయుదురు?

ఆర్కిటెక్చరును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన ఆ శాఖను గూర్చిన అజ్ఞానము విశేషము. చేతిలో గీత బాగున్న చాలునని అనేకుల నమ్మకము. గేట్ నందలి ఆర్కిటెక్చరు, ప్లానింగు పత్రమును చూచిన ఆ నమ్మకము చెదరును. అందు గణితమునకు వేరుభాగము లేదు. సామాన్యప్రజ్ఞకు 15 మార్కులు. అందరును వ్రాయవలసిన మొదటిభాగమునకు 60. అందు డిజైను, నిర్మాణము, పని నిర్వహణ, పర్యావరణము, పట్టణరూపము, పురాతన కట్టడముల సంరక్షణము, నగరయోచనా విధానము, గృహవసతి కలవు. మిగిలిన 25 మార్కులకు ఆర్కిటెక్చరో ప్లానింగో ఒకటి ఎన్నుకొనవలెను. ఆర్కిటెక్చరు ఎన్నుకొన్నవానికి చరిత్ర, కట్టుబడి, కట్టడపు వ్యవస్థలు, నీరు గాలి వెలుతురుల ఏర్పాటులు. ప్లానింగు ఎన్నుకొన్నవానికి ప్రాంతీయయోచన, సర్వే పద్ధతులు, రవాణా, భూసేకరణ చట్టము, స్థానిక స్వపరిపాలనము.

ఇందు చరిత్రను విడువుమని తూకపు గురువుల సలహా. అమరావతి స్తూపమును లండనుకు, చెన్నపట్టణమునకు ముక్కలుగా తరలింపజూచిన జాతికి ఈ సలహా తగియున్నది! రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడిని 2021లో యునెస్కో ప్రపంచవారసత్వములో చేర్చినది. ఆ గుడి శిఖరమునకు నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలు వాడిరి. ఎందులకు? పునాదిమీది బరువు తగ్గించుటకు. ఇది చరిత్రయా, నిర్మాణశాస్త్రమా, పదార్థవిజ్ఞానమా? మూడును. దానిని ఏ తూకములో వేయుదురు? మన వేడికి, మన వానకు, మన రాతికి తగిన ఇల్లెట్టిదో మన పూర్వులు కనుగొన్నదానిని చదువక, గాజుపలకల మేడను గీచి, దానిని చల్లార్చుటకు పగలెల్ల విద్యుత్తు త్రాగించువానిని ఆర్కిటెక్టనుట ఎట్లు?

చట్టములను గూర్చియు ఒక మాట. భూసేకరణకు 1894 నాటి చట్టము పోయి 2013 చట్టము వచ్చినది. అది 2014 జనవరి 1 నుండి అమలులోనున్నది. పరిహారము, పునరావాసము, సామాజిక ప్రభావ విచారణ అందు విధులైనవి. నగరపు పటముమీద ప్లానరు గీచు ఎఱ్ఱగీత ఎవరి పొలముమీదుగా పోవునో, ఆ రైతునకు ఏ హక్కులు కలవో ప్లానరుకు తెలియవలెను. తెలియక గీచిన గీతలు తెచ్చు వ్యాజ్యములు కోర్టులలో ఎన్నేండ్లు నలుగునో మా వృత్తివారికి తెలియును. వకీళ్లకు అది లాభమే కావచ్చును. రైతులకు కాదు.

ఇక ప్రతిపక్షుల వాదము. “మీరు చెప్పునది ఆదర్శము, పేదవానికి కాలమేది? పగలు కొలువు చేసి రాత్రి చదువుకొనువాడు, ఇంటిపని ముగించుకొని పుస్తకము పట్టునామె, ఆరునెలలలో అన్నియు ఎట్లు చదువగలరు? ఏరుకొనక తప్పదు గదా!” అని వారందురు. ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయము. కాలము కొరత నిజము, పేదరికము నిజము. ఐనను కాలము తక్కువైనవాడు ముందువెనుకలను నిర్ణయించుకొనవలెనే గాని కొట్టివేతలను కాదు. ఇల్లు కట్టుకొను పేదవాడు గదులు తగ్గించుకొనును, పునాది మానుకొనడు. ఆరునెలలే యున్నచో రెండునెలలు గణితమునకును, మూలవిషయములు రెండింటికిని ఈయుడు. తక్కిన నాలుగునెలలలో ఒక్కొక్క శాఖయందును సూత్రములు ఏల పుట్టినవో గ్రహించి, పూర్వపు ప్రశ్నలను స్వయముగా సాధింపుడు. లోతు తగ్గినను వెడల్పు తగ్గరాదు. పేదవానిపై ఇంత జాలి చూపుచున్న వర్తకులు ముందు వాని రుసుములో కొంత తగ్గించి చూపిన బాగుండును!

మరియు పేదవానికి తూకపు దుకాణము తప్ప వేరు దిక్కులేదనుట అసత్యము. ఐ.ఐ.టి.లును విజ్ఞానసంస్థయు కలిసి నడుపుచున్న ఎన్‌.పి.టి.ఈ.ఎల్. పాఠములు దాదాపు అన్ని శాఖలలోను ఉచితముగా లభించుచున్నవి. కావలసినది కూర్చుండు చోటు, దీపము, ప్రామాణిక గ్రంథములు, తోడి విద్యార్థుల సహవాసము. ఇవి ఈయవలసినది గ్రంథాలయము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును నెలకొల్పిన జాతి మనది. గ్రంథాలయోద్యమము స్వాతంత్ర్యోద్యమమునకు పాఠశాలయైనది. నేడు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు మనము చెల్లించుచునే యున్నాము. ఆ సొమ్మునకు లెక్క అడుగుడు. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయమున ఇంజనీరింగు, ఆర్కిటెక్చరు మూలగ్రంథములు ఉండవలెనని, రాత్రి పదిగంటలవరకు తలుపు తెరచియుండవలెనని పురప్రముఖులు పట్టుబట్టుడు. పట్టము పొంది ఊరికి వచ్చిన పెద్ద ఇంజనీర్లు వారమునకు ఒక్క సాయంకాలము అచ్చట కూర్చుండి పిల్లల సందేహములు తీర్చుడు. ఇది భిక్ష కాదు, ఋణము తీర్చుకొనుట.

భాషను గూర్చి చెప్పక ముగించుట ధర్మము కాదు. మూలము పట్టుట యనగా తనలో తాను తర్కించుకొనుట; మనుష్యుడు తర్కించుకొనునది తన భాషలో. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా చేసికొని, అనువాదశాలను నిలిపి, శాస్త్రగ్రంథములను ఆ భాషలోనికి తెచ్చినది. దేశభాషలో ఉన్నతశాస్త్రము సాధ్యమేయని అది లోకమునకు చూపినది. 2021లో సాంకేతిక విద్యామండలి తెలుగుతోకూడ పలు దేశభాషలలో బి.టెక్. బోధనకు అనుమతించినది. జె.ఈ.ఈ. మెయిన్ ప్రశ్నపత్రము తెలుగులో వచ్చుచున్నది. కాని గేట్ ద్వారముకడ ఇంగ్లీషు ఒక్కటే కావలికాయుచున్నది. తెలుగున బి.టెక్. చదివినవాడు పై మెట్టున ఏ భాషలో పరీక్ష వ్రాయవలెను? ఇంగ్లీషును తీసివేయుమని మేము కోరము. దాని ప్రక్కన తెలుగును పెట్టుమని కోరుచున్నాము. ప్రశ్న అర్థము కాక చెడు విద్యార్థి శాస్త్రములో ఓడినవాడు కాడు.

మన రాష్ట్రముల పరీక్షాధికారులకు ఒక విన్నపము. 120 ప్రశ్నలకు 120 నిమిషములు! నిమిషమునకు ఒక ప్రశ్న! తప్పునకు కోత లేదు. ఆలోచించువాడు వెనుకబడును, గురిలేక రాయి విసరువాడు ముందుపడును. ఇట్టి పత్రము తూకపు వర్తకునకు మీరే ఇచ్చుచున్న పెట్టుబడి. ప్రశ్నలు సగము తగ్గించి, లెక్కకట్టి సంఖ్య నింపు ప్రశ్నలు చేర్చుడు. అంగడి దానంతట అదియే సన్నగిల్లును.

కడపటిమాట యువతీయువకులతో. మీరు చదువునది కొలువుకొరకు కావచ్చును, అందు సిగ్గులేదు. కాని రేపు మీ సంతకముపై కట్ట నిలుచును, వంతెన నిలుచును, ఊరికి వెలుగు వచ్చును. ఆ కట్టక్రింది పల్లెలో నిద్రించువారు మీ ర్యాంకు అడుగరు. మీరు విడిచిన అధ్యాయమేదో వారికి తెలియదు. అది వరదరాత్రి ఒక్కసారిగా తెలియును. కావున త్రాసును అంగడికి తిరిగి ఇచ్చివేయుడు. విషయపట్టికను మొదటి పంక్తినుండి తుదిపంక్తివరకు మీ స్వహస్తముతో వ్రాసికొనుడు. ఒక్కపంక్తియు కొట్టివేయక, గణితముతో నేడే ప్రారంభింపుడు.